సుగ్గికి పోయిన పిల్లల మార్కులు

ముందే చెబుతున్నాను, ఇది కోపంగానే ఉంటుంది. నేను రిటైరైన రోజు దండ వేసి, గోడగడియారం చేతికిచ్చి, "మేడమ్‌ది చాలా శాంతస్వభావం" అని వేదిక మీద ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆ శాంతం జీతంతో పాటే అయిపోయింది. ఇప్పుడు నన్ను బదిలీ చేసేవాళ్లు లేరు, నా ఫైలు తొక్కిపెట్టేవాళ్లు లేరు. కాబట్టి ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు, శిక్షణలో ఎవరూ చెప్పని నాలుగు సంగతులు చెప్పి పోతాను.

నా పని బోధనను, విద్యా కార్యక్రమాలను అంచనా వేయడం. ప్రభుత్వమో బయటి సంస్థో బళ్లలో కొత్త పథకం ఒకటి మొదలుపెడుతుంది. ఏడాది తిరిగేసరికి అది పనిచేసిందో లేదో ఎవరో ఒకరు చూసి చెప్పాలి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్న నన్ను ఆ పనిలో వేశారు. కొన్నేళ్లు కడపలో, ఎక్కువ ఏళ్లు కర్నూలులో చేశాను.

మాది ఒంటిమిట్ట దగ్గర మగ్గం నేసే కుటుంబం. నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా బోధపడేది కాదు.

"పిల్లోల్లకు చదువు చెప్తావా?"

"లేదుమా. చెప్పేటోళ్లు బాగా చెప్తాండారా లేదా చూసొస్తా."

"చూసొచ్చి?"

"రాసిస్తా."

"నువ్వు రాసిస్తే వాళ్లు బాగా చెప్తారా?"

అప్పట్లో నవ్వేదాన్ని. సర్వీసు సగం గడిచాక ఆ నవ్వు పోయింది.

ఉగ్గాని బాగుంది

కడపలో ఒక వేసవిలో, లెక్కలు ఎలా చెప్పాలో ఉపాధ్యాయులకు శిక్షణ పెట్టారు. విడతకు కొంతమంది చొప్పున వచ్చిపోయేవారు. చివరి రోజు సాయంత్రం అభిప్రాయ పత్రం పంచుతారు. చాలా బాగుంది, బాగుంది, పరవాలేదు, బాగాలేదు: వీటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. అది నింపి ఇచ్చినవాళ్లకే హాజరు సర్టిఫికెట్ ఇస్తారు. బయట బద్వేలు బస్సు హారన్ కొడుతుంటే, సర్టిఫికెట్ ఎదుటివాడి చేతిలో ఉంటే, "బాగాలేదు" అని ఎవరు రాస్తారు?

ఒక విడతలో శిక్షకుడికి జ్వరమొచ్చింది. ఆయన మొత్తానికే రాలేదు. టీచర్లు ఫ్యాన్ల కింద కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడుకుని వెళ్లారు. అన్ని విడతల్లోకీ ఆ విడతకే ఎక్కువ "చాలా బాగుంది"లు వచ్చాయి. నాకు మతిపోయింది. ఆ విడతలో ఉన్న ఒక పెద్దాయన్ని పట్టుకుని అడిగాను.

"ఆ పొద్దు ఉగ్గాని, బజ్జీ శానా బాగుండె మేడమ్," అన్నాడాయన. "ఊరికే అబద్ధమెందుకు చెప్పాల? బాగుండాదనే టిక్కు కొట్టినా."

ఆయన తప్పేమీ లేదు. కార్యక్రమం మొత్తం మీద ఎలా ఉందని మేం అడిగాం, ఆయన తిన్న బొరుగుల ఫలహారం గురించి నిజం చెప్పాడు. నాకు ఒళ్లు మండింది మా ఆఫీసు మీద. సంగతి చెబితే, "మంచి రిజల్టే కదమ్మా, ఉండనీ" అన్నారు. ఉగ్గానికి వచ్చిన మార్కులు లెక్కల శిక్షణ కింద పైకి వెళ్లిపోయాయి.

నచ్చడం వేరు, నేర్చుకోవడం వేరు. శిక్షణ ఎలా ఉందో తెలియాలంటే, అది అయిన మూడు నెలలకు ఆ టీచరు తరగతిలోకి వెళ్లి కూర్చోవాలి. కొత్త పద్ధతిలో చెబుతున్నాడా, చెబితే పిల్లలకు అందుతోందా చూడాలి. నేను సర్వీసు పొడవునా అడిగాను. భోజనాలకు, బ్యానర్లకు, గ్రూప్ ఫొటోలకు అన్నీ కుదిరేవి. మూడు నెలల తర్వాత బడికి పోదామంటే మాత్రం ఎప్పుడూ జీపు ఖాళీ ఉండేది కాదు.

ఎక్కడ కూర్చోవాలి

తరగతి పరిశీలన అంటే మా అధికారుల్లో చాలామందికి గుమ్మం దగ్గర నిలబడడం. చేతిలో ఒక పత్రం. బోధనోపకరణాలు వాడారా, టిక్కు. నల్లబల్ల వాడారా, టిక్కు. టీచరు చురుగ్గా ఉన్నారా, టిక్కు. పది నిమిషాల్లో పని అయిపోతుంది, తర్వాత హెడ్మాస్టరు గదిలో టీ.

ఒక బడిలో గోడనిండా రంగురంగుల చార్టులు కనబడ్డాయి. దగ్గరికి వెళ్లి చూస్తే వాటి మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. పోయిన తనిఖీకి తెచ్చారు, అయిపోగానే బీరువాలో పెట్టారు, మళ్లీ ఈ తనిఖీకి తీశారు. ఒక పిల్లవాడు ఏనుగు బొమ్మ మీద వేలు పెట్టబోతే, "రేయ్, తాకొద్దురా, సార్లు చూడాల!" అని కసిరింది టీచరు. పరిశీలన పత్రంలో ఆ తరగతికి ఉపకరణాల కింద పూర్తి మార్కులు పడ్డాయి.

నా పై అధికారుల్లో ఒక్కాయనకు మాత్రం ఈ పని తెలుసు. తరగతిలోకి వెళ్లగానే చెప్పులు విప్పి, అందరికన్నా వెనక, పిల్లల మధ్య చాప మీద కూర్చునేవారు. టీచరు వంక చూసేవారే కాదు. పక్కనున్న పిల్ల పలక మీద ఏం రాస్తోందో చూసేవారు. ఒకసారి నన్ను కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పలక చూపిస్తూ, "టీచరు ముఖం చూస్తా కూచుంటే ఏం తెలుస్తాదమ్మా? ఆయప్ప చెప్పింది ఈడిదాకా వస్తాందా లేదా, అదే మనం చూడాల్సింది" అన్నారు. ఏడాదిలోపే ఆయన్ని బదిలీ చేశారు. పరిశీలనకు మరీ ఎక్కువ టైం తీసుకుంటున్నారని కారణం చెప్పారు.

హాజరైనవారికి మాత్రమే

ఇక నేను ఇదంతా రాయడానికి కారణమైన సంగతికి వస్తాను.

పత్తికొండకు అవతల వానలు సరిగ్గా పడని ఊళ్లలో, దీపావళి దాటగానే ఇళ్లకు తాళాలు పడతాయి. కూలి కుటుంబాలు లారీలెక్కి గుంటూరు వైపు మిరపచేలకు, పత్తిచేలకు పోతాయి. దాన్ని సుగ్గికి పోవడం అంటారు. మళ్లీ ఉగాదికి గానీ రారు. పెద్దవాళ్లతో పాటు పిల్లలూ పోతారు. చేతనైన పిల్ల మిరపకాయలు కోస్తుంది, చేతకాని పిల్ల చంటిబిడ్డను చూసుకుంటుంది.

ఆ ఊళ్లలో పిల్లలకు చదవడం నేర్పే కార్యక్రమం ఒకటి వచ్చింది. జూలైలో ఒక పరీక్ష, ఫిబ్రవరిలో ఒక పరీక్ష. రెండింటికీ మధ్య బడి సగటు ఎంత పెరిగిందో చూస్తారు. ఫిబ్రవరిలో పరీక్ష ఎవరికి పెట్టాలంటే, నిబంధన స్పష్టంగా ఉంది: ఆ రోజు హాజరైనవారికి మాత్రమే.

ఈ నిబంధన రాసినవాళ్లు ఫిబ్రవరిలో ఆ ఊళ్లు చూశారా? చూడలేదు. హైదరాబాదులోనో ఢిల్లీలోనో చల్లటి గదిలో కూర్చుని రాశారు. పది మంది పిల్లలున్నారనుకోండి. ఆరుగురికి చదవడం వచ్చు, నలుగురికి రాదు. రాని నలుగురూ సుగ్గికి పోయారు. మిగిలిన ఆరుగురికి ఏడాదంతా ఒక్క అక్షరం కొత్తగా నేర్పకపోయినా, ఫిబ్రవరిలో ఆ బడి నూటికి నూరు అయిపోతుంది. పత్తికొండ మార్కెట్లో చిన్నకాయలు ఏరేసి మంచి టమోటాలే బాక్సుకెత్తితే ధర బాగా పలుకుతుంది. దాన్ని చూసి ఈ ఏడు పంట పెరిగిందని ఏ రైతూ అనడు. మా ఆఫీసు అంది.

ఒక ఊళ్లో సరోజమ్మ అని ఒక టీచరు ఉండేది. ఆమె బడికి సుగ్గి కాలానికి సీజనల్ హాస్టల్ మంజూరైంది. అంటే తల్లిదండ్రులు పోయినా పిల్లలు బడిలోనే ఉండి, అక్కడే తిని, అక్కడే పడుకుని చదువుకోవచ్చు. వంటకు ఒకామెను పెట్టారు. ఆ ఏడాది ఫలితం చూసి, మరుసటి ఏడు కొనసాగించాలో వద్దో తేలుస్తామన్నారు.

దీపావళి ముందు సరోజమ్మ ఇల్లిల్లూ తిరిగింది. ఒక ఇంటికి ఆమెతో నేనూ వెళ్లాను. ఈరన్న అనే కూలీ ఇల్లది. కూతురు ఉరుకుందమ్మకు పదేళ్లుంటాయి. తమ్ముణ్ణి చూసుకోవడానికి ప్రతి ఏడూ సుగ్గికి పోతుండడంతో చదువు తెగిపోయి, ఆ పిల్ల రెండేళ్లుగా బడి మొహం చూడలేదు. జూలై పరీక్షలో కూడా లేదు.

"ఏమప్పా, ఈసారి పిల్లోడు పెద్దోడయినాడు కదా. ఆ పిల్లను ఈడ ఇడ్సిపో," అంది సరోజమ్మ.

"ఇడ్సిపోతే ఎవరు చూస్తారు టీచరమ్మా? ఆడపిల్ల."

"నేను చూస్తా. జ్వరమొస్తే నేనే ఆస్పత్రికి తోడుకపోతా. కూడు ఈడనే, నిద్ర ఈడనే."

ఈరన్న చాలాసేపు తల గోక్కున్నాడు. "నీ మీద నమ్మకముండాది. గవుర్మెంటు మీద లేదు," అన్నాడు చివరికి. పిల్లను వదిలి వెళ్లాడు. అలా ఆ ఊళ్లో సుగ్గి కుటుంబాల పిల్లలంతా బడిలోనే ఉండిపోయారు. ఎప్పుడూ బడికి రానివాళ్లు కూడా వచ్చి చేరారు.

ఫిబ్రవరిలో పరీక్ష పెట్టడానికి మొదట పక్క ఊరి బడికి వెళ్లాను. అక్కడ హాస్టల్ లేదు. తరగతిలో సగం చాపలు ఖాళీ.

"మిగిలినోళ్లు యాడికి పోయినారు సార్?" అని అడిగాను.

"సుగ్గికి పోయినారు మేడమ్," అన్నాడు హెడ్మాస్టరు నవ్వుతూ. "ఉండేటోళ్లకు పెట్టండి. రూలు అదే కదా!"

మరుసటి రోజు సరోజమ్మ బడికి వెళ్లాను. ఇక్కడ చాపలు చాల్లేదు, పిల్లలు వసారా దాకా కూర్చున్నారు. పరీక్ష అంటే ఒక్కొక్కరినీ పిలిచి, ఒక చిన్న పేరా ఇచ్చి చదివించడం. ఉరుకుందమ్మ వంతు వచ్చింది. వేలు అక్షరాల కింద పెట్టి, ఊపిరి బిగబట్టి చదివింది. "మేక... గడ్డి... మేసింది." రెండో వాక్యం సగంలో ఉండగా టైం అయిపోయింది. నిబంధన ప్రకారం పేరా పూర్తికాకపోతే పేరా చదవలేనట్టే. నవంబరులో "మ" గుర్తుపట్టలేని పిల్ల ఆమె. నేను కార్డు తీసుకోబోతే వదల్లేదు.

"ఇంగ ఉండాది కదా మేడమ్," అంది. "ఆ మేక ఏమయిందో సదవల్ల."

చదవనిచ్చాను. టైం దాటిపోయినా మొత్తం చదివింది. మేక ఇంటికి చేరిందని తెలిసాక కార్డు ఇచ్చింది.

సగటు సగటే

కర్నూలులో సమీక్ష. గోడ మీద కంప్యూటరు గ్రాఫులు వేసి ఒక కుర్ర కన్సల్టెంటు వివరించాడు. పక్క ఊరి బడి గీత పైకి దూసుకుపోయింది. సరోజమ్మ బడి గీత జూలైలో ఎక్కడుందో అక్కడే ఉంది. "హాస్టల్ ఉన్న బడిలో ప్రయోజనం కనిపించలేదు" అని చదివాడు.

నేను లేచాను. "సార్, ఆ పక్క ఊళ్లో చదవడం రానివాళ్లంతా పరీక్షకే లేరు. ఈ బడిలో చదవడం రానివాళ్లు కూడా పరీక్షకు కూర్చున్నారు. కొత్తగా చేరినవాళ్లూ ఉన్నారు. బడి సగటు చూడకండి. జూలైలో చూసిన పిల్లనే ఫిబ్రవరిలో చూడండి, ఆ పిల్ల ఎంత ఎదిగిందో చూడండి. మధ్యలో చేరినవాళ్లను చేరిన రోజు నుంచి చూడండి. పరీక్షకు లేనివాళ్లు ఎంతమందో, ఎవరో కూడా పక్కనే చెప్పండి."

మా పెద్దసారు, అంటే జిల్లాలో ఈ కార్యక్రమాలన్నిటికీ అధిపతి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సగటు సగటే కదమ్మా. అన్ని బళ్లకూ ఒకే రూలు పెట్టినాం. ఒక్క బడి కోసం రూలు మారుస్తామా?"

"రూలే తప్పు సార్."

"నీకు ఆ టీచరంటే అభిమానం. అది నీ మాటల్లో తెలిసిపోతాంది."

చూడండి, ఇదీ పద్ధతి. లెక్క తప్పంటే మనిషి మీదికి వస్తారు. నేను చేతిలో టీ గ్లాసు కిందపెట్టి, నా అభ్యంతరం రాయడానికి కాగితం తీసుకున్నాను. ఆ కుర్ర కన్సల్టెంటుకు నేను చెప్పింది అర్థమైంది, అతని మొహంలో తెలిసింది. కానీ నోరు విప్పలేదు. కార్యక్రమం విజయవంతమైందని చెప్పుకోవడానికి పక్క ఊరి గీత కావాలి, దాన్ని ఎవరూ వదులుకోరు.

నా అభ్యంతరాన్ని రాసిచ్చాను. నివేదిక చివర అనుబంధంలో చేరుస్తామన్నారు. అనుబంధాలు ఎవరు చదువుతారు? హాస్టల్ రద్దయింది.

కొత్తగా వచ్చేవాళ్లకు చెబుతున్నాను. కొలత పద్ధతి అంటే లెక్కల వ్యవహారం అనుకోకండి. అది ఎవరికి కూడు పెట్టాలో, ఎవర్ని లారీ ఎక్కించాలో తేల్చే వ్యవహారం. అంకె తప్పయితే కాగితం మీద ఆగిపోదు.

లారీ

మళ్లీ దీపావళి వెళ్లాక వేరే పని మీద ఆ ఊరికి వెళ్లాను. పొద్దున్నే వీధిలో లారీ నిలబడి ఉంది. బియ్యం మూటలు, గిన్నెలు, దుప్పట్లు ఎక్కిస్తున్నారు. సరోజమ్మ ఈరన్నతో మాట్లాడుతోంది, మాట్లాడుతోంది అనడం కన్నా బతిమాలుతోంది అనాలి.

"ఇంగ ఇద్దరు ఆడపిల్లోల్లను నా ఇంట్లోనే పెట్టుకున్న్యా. ఈమెను కూడా పెట్టుకుంటా, ఇడ్సిపోప్పా."

"ఎంతమందిని పెట్టుకుంటావు టీచరమ్మా? నీకూ సంసారముండాది," అన్నాడు ఈరన్న. "పోయినేడు హాస్టలుండె, ఇడ్సిపోతిమి. ఇప్పుడు సంకన ఇంగో బిడ్డ వచ్చె. దాన్ని చూసేకి ఈమె కావల్ల." దుప్పట్ల మూట లారీలోకి అందించి అన్నాడు. "బాగా చదువుతాండాది అని నువ్వే చెప్తివి. బాగా చదువుతాంటే ఎందుకు మూసేసిరి?"

సరోజమ్మ నా వైపు చూసింది. ఈరన్న కూడా చూశాడు. ఆ గీతల సంగతి ఆ వీధిలో నిలబడి ఆ మనిషికి ఎలా చెప్పను?

ఉరుకుందమ్మ చంటిబిడ్డను చంకనేసుకుని లారీ పక్కన నిలబడి ఉంది. తలుపు మీద పెయింటుతో రాసిన అక్షరాల కింద వేలు పెట్టి, కూడబలుక్కోకుండా, ఒక్క ఊపులో చదివింది.

"గుంటూరు."

చదివాక మా వైపు తిరిగి నవ్వింది. తర్వాత వాళ్ల నాయన ఆమెను ఎత్తి లారీలో కూర్చోబెట్టాడు.

శాలువా

ఫిబ్రవరి వచ్చింది. సరోజమ్మ బడిలో పరీక్షకు ఉన్నవాళ్లు ఊళ్లో ఉండగలిగినవాళ్లే. నేను చెప్పిందే జరిగింది. గీత పైకి పోయింది, ఆ మండలంలో ఏ బడి గీతా పోనంత పైకి. హాస్టల్ తీసేశాక బడి బాగుపడిందని ఒకాయన సమీక్షలో అన్నాడు. ఆయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అనుకున్నాడు.

కర్నూలులో సభ పెట్టి, ఎక్కువ వృద్ధి సాధించిన బళ్ల టీచర్లకు సన్మానం చేశారు. సరోజమ్మకు శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు. రెండు మాటలు చెప్పమ్మా అని మా పెద్దసారే మైకు చేతికిచ్చారు. ఆమె సభలో మాట్లాడగా నేను ఎప్పుడూ చూడలేదు. మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ శాలువా నాది కాదు సార్," అంది. "మా ఊరి పిల్లోల్లు సుగ్గికి పోయినారు. వాళ్లు పోబట్టే మా బడి పైకొచ్చె. పోయినేడు నేను శానా కష్టపడితి, అప్పుడు ఏం రాలే. ఈ ఏడు వాళ్లను కాపాడుకోలేకపోతి, శాలువా వచ్చె. ఇయ్యాలంటే వాళ్లకే ఇయ్యండి. మిరపచేలల్లో ఉంటారు."

ఇప్పుడైనా ఎవరో ఒకరు లేచి అడుగుతారనుకున్నాను. అప్పుడు ముందు వరసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత హాలంతా కొట్టింది. "ఎంత వినయం!" అన్నాడు నా వెనక ఒకాయన.

సరోజమ్మ వేదిక దిగి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. శాలువా తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మేడమ్, నేను చెప్పింది అర్థమయ్యేట్టు చెప్పలేదా?"

"చెప్పినావమ్మా. అందరికీ అర్థమయ్యేట్టే చెప్పినావు."

"మరి చప్పట్లెందుకు కొడతాండారు?"

వేదిక మీద మా పెద్దసారు ఇంకా కొడుతూనే ఉన్నారు.